గ్రంథపాతం

గోదావరి డెల్టాలో పుట్టినవారికి నీటి తగాదాలు కొత్త కావు. సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో మొదలై 1852 నాటికి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ఈ నేల రాతను మార్చివేసింది. ఆ పాత ఆనకట్ట స్థానంలో 1982 నాటికి సిద్ధమైన బరాజు నేడు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు నీటిని పంచుతున్నది. ప్రధాన కాలువ నుండి బ్రాంచి కాలువకు, అక్కడి నుండి పిల్ల కాలువకు, తూము గుండా పంట బోదెకు, బోదె నుండి చేనికి నీరు దిగుతుంది. మా ఊరు ఆ ప్రయాణంలో చివరి మజిలీ. మాది శివారు భూమి.

దాళ్వా రోజుల్లో వంతులవారీగా నీరు వదిలేవారు. మా వంతు వచ్చినా నీరు రాని రాత్రులు ఎన్నో ఉండేవి. ఇరుగుపొరుగు రైతులు లస్కరు ఇంటిమీదికి పోయేవారు. లస్కరు మాత్రం “కాలువ నిండుగానే ఉందండి, కావాలంటే వచ్చి చూసుకోండి” అనేవాడు. అతడు చెప్పినది నిజమే. మా చేను ఎండుతున్నదన్నదీ నిజమే. రెండు నిజాల నడుమ తగాదా పెరిగేది. మా నాన్నగారు ఆ తగాదాకు పోయేవారు కారు. లాంతరు పట్టుకొని, నన్ను వెంటబెట్టుకొని, చేను మడవ దగ్గర నుండి బోదె గట్టు వెంబడి పైకి నడిచేవారు. ఒకచోట బోదె నిండుగా కనబడేది. దానికి నాలుగు బారల దిగువన అడుగంటి ఉండేది. ఆ నడుమ గుర్రపుడెక్క దుబ్బు కట్టి ఉండేది. “నీరు రాలేదని అరిస్తే నీరు రాదురా. ఎక్కడిదాకా వచ్చిందో చూడు. వచ్చిన చోటికీ రాని చోటికీ నడుమనే ఉంటుంది అడ్డం” అనేవారాయన.

ఆ మాట నాకు బాగా గుర్తున్నదనే అనుకునేవాడిని. గుర్తుండడం వేరు, అవసరమైనప్పుడు స్ఫురించడం వేరు అని 2020లో తెలిసివచ్చింది.

కరోనా వ్యాధి కారణంగా ఆ ఏడాది కళాశాలలు మూతపడ్డాయి. రాజమహేంద్రవరంలోని మా ఇంటి ముందుగదిలో ఒక కంప్యూటరు ఎదుట కూర్చుండి, కంటికి కనబడని విద్యార్థులకు పాఠం చెప్పవలసి వచ్చింది. ముప్పై ఏళ్లుగా నల్లబల్ల ముందు నిలబడినవాడికి అది వింత అనుభవం. అయితే ఆ కంప్యూటరు నాకు కొత్తది కాదు. ప్రాచీన కావ్యాల తాళపత్ర ప్రతుల ఛాయాచిత్రాలు, వాటి పాఠాంతరాల పట్టికలు ఎన్నో సంవత్సరాలుగా అందులోనే భద్రపరచుకుంటున్నాను. 2017 మే నెలలో ‘వాన్నక్రై’ అనే దుష్ట ప్రోగ్రాము నూట యాభై దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లను పట్టి పీడించింది. మన రాష్ట్రంలో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. ఆ వార్త చదివి భయపడి, కంప్యూటర్ల రంగంలో స్థిరపడిన నా పాత శిష్యుని సలహా అడిగాను. అతడు మూలన పడివున్న ఒక పాత కంప్యూటరును బాగుచేసి, దాన్ని మా ఇంటికి ‘ఫైర్‌వాల్’గా అమర్చి ఇచ్చాడు.

ఫైర్‌వాల్ అంటే నిప్పును అడ్డుకొనే గోడ. ఒక ఇంటి మంట పక్క ఇంటికి పాకకుండా కట్టుకొనే గోడకు మొదట ఆ పేరుండేది. వేసవిలో తాటాకు ఇళ్లు వరసగా అంటుకోవడం చూసిన మన పల్లెవాసులకు ఆ గోడ విలువ చెప్పనక్కరలేదు. కంప్యూటరు భాషలో అది కాపలాదారు వంటిది. దానికి రెండు నెట్‌వర్క్ కార్డులుంటాయి. ఒకటి వీధిగుమ్మం, మరొకటి లోగుమ్మం. బయటి నుండి ఫైబర్ తీగ మీద వచ్చే సమాచారం ముందుగా సంస్థవారు ఇచ్చిన పరికరంలోకి, అక్కడి నుండి ఒక పొట్టి తీగ ద్వారా ఫైర్‌వాల్ వీధిగుమ్మంలోకి చేరుతుంది. ఫైర్‌వాల్ దానిని పరిశీలించి, తగినదైతే లోగుమ్మం ద్వారా నా కంప్యూటరుకు పంపుతుంది. నేను పంపేదీ అదే దారిన బయటకు పోతుంది.

పాఠాలు మొదలైన కొత్తలో ఇబ్బంది కనబడలేదు. జూన్ నెలలో ఒక రాత్రి పిడుగుల వానకు సంస్థవారి పరికరం కాలిపోయింది. వారి మనిషి వచ్చి కొత్తది బిగించి వెళ్లాడు. ఆ తరువాత నన్నయభట్టారకుని ఆదిపర్వంలోని శకుంతలోపాఖ్యానం మొదలుపెట్టాను. నిండుసభలో శకుంతల చెప్పిన సత్యాన్ని దుష్యంతుడు కాదనే ఘట్టం అది. పాఠం మంచి పట్టులో ఉండగా ఒక విద్యార్థి గొంతు వినబడింది.

“మాస్టారూ, మీ మాట తెగిపోతోందండి. మళ్లీ ఒక్కసారి చెప్తారాండి?”

ఆ అబ్బాయిది సముద్రానికి దగ్గరగా, అంతర్వేది వైపు ఒక చిన్న ఊరు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనులోనే పాఠం వినేవాడు. నేను మళ్లీ చెప్పాను. కాసేపటికి మళ్లీ అదే మాట. మూడవసారి నాకు కోపం వచ్చింది. “తెగిపోతున్నది నా మాట కాదోయ్, నీ శ్రద్ధ. మిగిలినవారెవరూ అడగడం లేదే!” అన్నాను. అరవైమంది విన్నారు. ఎవరూ మాట్లాడలేదు. మరునాటి నుండి ఆ అబ్బాయి పేరు తెరమీద కనబడలేదు.

మిగిలినవారెవరూ అడగకపోవడానికి కారణం వారికి బాగా వినబడడం కాదు, నేను అన్న మాట. ఆ సంగతి అప్పుడు గ్రహించలేదు.

రెండు మూడు రోజుల్లో నాకే అనుమానం కలిగింది. విద్యార్థులు జవాబులు చెప్పేటప్పుడు వారి గొంతులు ముక్కలు ముక్కలుగా వినబడసాగాయి. అయినా నా లోపం కావచ్చునన్న ఆలోచన రాలేదు. ఉత్తరాలు పోతున్నాయి, పుటలు తెరుచుకుంటున్నాయి, కనుక లోపం బయటి తీగలోనే ఉందనుకొని సంస్థకు ఫిర్యాదు చేశాను. వారి మనిషి వచ్చి, తన కంప్యూటరును కొత్త పరికరానికి నేరుగా తగిలించి వేగం కొలిచి చూపాడు. సెకనుకు వంద మెగాబిట్లు నిండుగా ఉన్నాయి. “మా దగ్గర లోపం లేదండి” అన్నాడు వినయంగా. “కాలువలో నీళ్లున్నాయంటే చేనికి చేరినట్లేనా?” అని గద్దించాను. లస్కరు మీదికి పోయిన రైతుల మాట నా నోటి నుండి వచ్చిందే గాని, లాంతరు పట్టుకొని నడిచిన మా నాన్నగారు మాత్రం గుర్తుకు రాలేదు.

వారం గడిచాక హాజరు పట్టిక చూస్తూ ఆ అబ్బాయికి ఫోను చేశాను. పాఠానికి ఎందుకు రావడం లేదని అడిగితే, “ఆయ్, నా వల్ల పాఠం ఆగిపోతోందని మానేశానండి. విన్నంతవరకూ రాసుకున్నానండి” అన్నాడు. వ్రాసుకున్నది పంపమన్నాను. ఫోనులో ఛాయాచిత్రాలు పంపాడు. చక్కని గుండ్రని దస్తూరి. నేను చెప్పిన ప్రతి వాక్యమూ ఉంది. అయితే అక్కడక్కడ వరసగా చుక్కలున్నాయి. అవేమిటని అడిగాను.

“వినబడనిచోట చుక్కలు పెట్టానండి. ఎవరినైనా అడిగి పూరించుకుందామనండి.”

ఆ మాట విని కొంతసేపు మౌనంగా ఉండిపోయాను. తాళపత్ర గ్రంథాలతో పరిచయం ఉన్నవారికి ‘గ్రంథపాతం’ అనే మాట తెలుసు. పురుగు తిన్నచోట, ఆకు విరిగినచోట మూలంలోని అక్షరాలు జారిపోతాయి. అటువంటి చోట కొందరు లేఖకులు తమకు తోచినది వ్రాసి ఖాళీని కప్పివేస్తారు. మరికొందరు దొరకనిది దొరకనట్లే విడిచిపెడతారు. పరిష్కర్తకు నమ్మదగినవాడు రెండవవాడు. ఊహించి నింపిన లేఖకుడు తప్పును దాచిపెడతాడు. ఖాళీ వదిలిన లేఖకుడు తప్పు ఎక్కడున్నదో చూపుతాడు. ఈ సంగతిని ఎన్నో తరగతుల్లో చెప్పిన నేను, నా ఎదుట నిలిచిన నిజాయితీపరుడైన లేఖకుని శ్రద్ధ లేనివాడని నిందించాను.

సి. పి. బ్రౌన్ దొర తెలుగు కావ్యాలను పరిష్కరింపజేసినప్పుడు ఒక్క ప్రతిని నమ్మలేదు. అనేక ప్రతులు తెప్పించి, పండితులచేత ఒకదానితో ఒకటి సరిపోల్పించాడు. నేనూ అదే పని చేశాను. తాడేపల్లిగూడెం నుండి పాఠం వినే ఒక అమ్మాయిని, కాకినాడ నుండి వినే మరొక అబ్బాయిని వారి నోటుపుస్తకాలు పంపమని కోరాను. వారు చుక్కలు పెట్టలేదు గాని, వాక్యాలు మధ్యలో విరిగి ఉన్నాయి. మూడు ప్రతులూ పక్కపక్కన పెట్టి చూశాను. మూడింటిలోనూ విరిగినది ఒకేచోట!

ప్రతుల పరిశీలనలో ఒక సూత్రం ఉంది. వేరువేరు ఊళ్లలో, ఒకరినొకరు ఎరుగని లేఖకులు వ్రాసిన ప్రతుల్లో ఒకే గ్రంథపాతం ఒకేచోట కనిపిస్తే, ఆ లోపం లేఖకులది కాదు. వారందరికీ ఆధారమైన మాతృకది. ఈ ముగ్గురి ఊళ్లు వేరు, ఫోన్లు వేరు, ఫోన్లకు సేవలందించే సంస్థలు వేరు. ముగ్గురికీ ఉమ్మడి మాతృక ఒక్కటే, మా ఇంటి ముందుగది.

మరొక సంగతి కూడా బయటపడింది. నేను ఏకధాటిగా పద్యం చదివినచోట చుక్కలు తక్కువ. ఏదో ప్రశ్న అడిగి, విద్యార్థులు జవాబు చెబుతుండగా, అది పూర్తి కాకముందే నేను మాట్లాడడం మొదలుపెట్టినచోట చుక్కలు వరస కట్టాయి. అంటే రాకా పోకా ఒకేసారి జరిగిన వేళల్లోనే మాట తెగుతున్నదన్నమాట.

ఆ రాత్రి మా నాన్నగారి లాంతరు గుర్తుకు వచ్చింది. నా శిష్యునికి ఫోను చేసి, అతడు చెబుతుంటే నేను బోదె గట్టు వెంట నడిచాను. తర్కశాస్త్రంలో అన్వయవ్యతిరేకాలని అంటారు. ఏది ఉంటే లోపం ఉంటుందో, ఏది తొలగిస్తే లోపం తొలగుతుందో చూసి కారణాన్ని నిశ్చయించడం ఆ పద్ధతి. మొదట నా కంప్యూటరు నుండి ఫైర్‌వాల్‌కు ఒక పెద్ద ఫైలు పంపాను. క్షణాల్లో చేరింది. కాబట్టి లోగుమ్మందాకా అడ్డం లేదు. తరువాత ఫైర్‌వాల్‌ను తప్పించి, నా కంప్యూటరును సంస్థవారి పరికరానికి నేరుగా తగిలించి చూశాను. వేగం నిండుగా ఉంది. కాబట్టి బయటి తీగలో, పరికరంలో అడ్డం లేదు. సంస్థవారి మనిషి చెప్పినది అక్షరాలా నిజం. ఇక మిగిలినవి రెండే: పరికరానికీ ఫైర్‌వాల్‌కూ నడుమనున్న పొట్టి తీగ, ఫైర్‌వాల్ వీధిగుమ్మపు కార్డు.

ఆ తీగలో ఎనిమిది సన్నని రాగి తీగలు నాలుగు జంటలుగా మెలివేసి ఉంటాయి. వంద మెగాబిట్ల వేగానికి రెండు జంటలు చాలును. వెయ్యి మెగాబిట్లకు నాలుగు జంటలూ కావాలి. అందుచేత ఎలుక కొరికి ఒక జంట తెగినా వేగం పడిపోవచ్చును. కొత్త తీగ వేసి చూశాను. మార్పు లేదు. తీగ నిర్దోషి.

“మాస్టారూ, ఇప్పుడు వీధివైపు కార్డు లెక్కలు చూడండి. చెడిపోయి వచ్చినవి ఎన్నో చూపిస్తుందండి” అన్నాడు శిష్యుడు. చూశాను. లోగుమ్మపు కార్డులో ఆ సంఖ్య సున్న. వీధిగుమ్మపు కార్డులో వేలకు చేరి, నేను చూస్తుండగానే పెరుగుతున్నది. దాని పక్కనే ఆ కార్డుకు నిర్ణయించిన వేగం వ్రాసి ఉంది: ‘100, ఫుల్ డూప్లెక్స్’. “ఇది ఎవరు మార్చారండి? నేను ఆటోలో పెట్టాను కదండీ” అన్నాడతడు.

మార్చినవాడిని నేనే. 2018లో పాత పరికరానికీ ఈ కార్డుకూ పొత్తు కుదరక మాటిమాటికీ సంబంధం తెగిపోతుంటే, ఒక పుస్తకంలో చదివి, రెండువైపులా వేగాన్ని నా చేతులతో స్థిరపరచాను. ఇబ్బంది తీరింది. దాని సంగతి ఎక్కడా వ్రాసిపెట్టుకోలేదు, పూర్తిగా మరచిపోయాను. పాత పరికరం పిడుగుకు పోయింది. కొత్త పరికరానికి నా ఏర్పాటు సంగతి తెలియదు.

ఇక్కడ అసలు విషయం కొంత వివరించాలి. కంప్యూటర్లను కలిపే ఈథర్నెట్ విధానాన్ని 1973లో అమెరికాలో రాబర్ట్ మెట్‌కాఫ్ రూపొందించాడు. తొలిరోజుల్లో అందరికీ ఒకే తీగ. ఒకరు మాట్లాడుతుంటే తక్కినవారు ఆగాలి. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే రెండు మాటలూ ఢీకొని పాడవుతాయి. అప్పుడు ఇద్దరూ ఆగి, కొంత వ్యవధి తరువాత మళ్లీ ప్రయత్నించాలి. ఇది ‘హాఫ్ డూప్లెక్స్’ పద్ధతి. గోదావరి మీద 1900లో ప్రారంభమైన హేవలాక్ వంతెన ఒంటిలైను వంతెన. ఒకవైపు నుండి రైలు వస్తుంటే రెండవవైపు రైలు ఆగి ఉండేది. తరువాత 1974లో రోడ్డు కమ్ రైలు వంతెన రావడంతో రెండవ దారి ఏర్పడింది. రాకకు ఒక దారి, పోకకు ఒక దారి ఉండడమే ‘ఫుల్ డూప్లెక్స్’.

ఒకే తీగకు రెండు కొసల్లో ఉన్న కార్డులు తమ శక్తిసామర్థ్యాలను ఒకదానికొకటి తెలుపుకొని, ఇద్దరికీ కుదిరే వేగాన్ని ఎంచుకొనే మర్యాద 1995 నాటి ప్రమాణాల్లో చోటుచేసుకుంది. దానినే ఆటో నెగోషియేషన్ అంటారు. నేను వేగాన్ని చేతితో స్థిరపరచడంవల్ల నా కార్డు ఆ సంభాషణ మానివేసింది. కొత్త పరికరం పలకరించింది. నా కార్డు బదులు పలకలేదు. అటువంటప్పుడు వచ్చే సంకేతాన్నిబట్టి వేగం వంద అని తెలుసుకోవచ్చును గాని, రెండవ దారి ఉన్నదో లేదో తెలుసుకొనే వీలు లేదు. తెలియనప్పుడు హాఫ్ డూప్లెక్స్ అనుకొని జాగ్రత్తగా ఉండాలన్నది నియమం. కొత్త పరికరం ఆ నియమాన్ని పాటించింది. అది ఒంటిలైను వంతెన అనుకొన్నది. నా కార్డు రెండు దారులున్నాయనుకొని, ఎదుటినుండి వస్తున్నదానిని లెక్కచేయక తన రైళ్లను వదులుతూపోయింది. రద్దీ లేనంతసేపూ ఏమీ కాలేదు. అందుకే ఉత్తరాలు సాఫీగా పోయాయి. తరగతిలో రాకపోకలు ఒకేసారి పెరిగేసరికి రెండూ ఢీకొని, విద్యార్థుల మాటలు నాకూ నా మాటలు వారికీ ముక్కలై చేరాయి.

‘ఆటో’ అన్నచోట ఒక్క నొక్కు నొక్కాను. దీపాలు ఆరి, మళ్లీ వెలిగాయి. రెండు కార్డులూ తమలో తాము మాట్లాడుకొని, ఈసారి వెయ్యి మెగాబిట్ల వేగానికి, రెండు దారులకూ ఒప్పుకున్నాయి. చెడిపోయినవాటి సంఖ్య ఉన్నచోటనే నిలిచిపోయింది. ఎనిమిది వారాల తగాదా ఎనిమిది క్షణాల్లో తీరింది. ఏ తేదీన ఏ మార్పు చేశానో వ్రాసిపెట్టడానికి ఆ రాత్రే ఒక చిన్న పుస్తకం తెరిచాను.

కార్డును సరిదిద్దడం సులభం. చేసిన గాయాన్ని సరిదిద్దడం అంత సులభం కాదు. ముందుగా సంస్థవారి మనిషికి ఫోను చేసి, లోపం నాదేనని చెప్పాను. అతడు నవ్వి, “పర్లేదండి, ఇలాంటివి మాకు మామూలేనండి” అన్నాడు. తరువాత ఆ అబ్బాయికి ఫోను చేసి, మరునాడు తప్పక రమ్మన్నాను. నింద అరవైమంది ఎదుట వేశాను గనుక క్షమాపణ చాటుగా చెప్పడం ధర్మం కాదు.

మరునాడు తరగతి మొదట్లోనే జరిగినదంతా చెప్పాను. “ఆ రోజు తెగిపోయినది నా మాటే. ఉన్నది ఉన్నట్లు చెప్పినవాడిని తప్పుపట్టాను. దుష్యంతుని కథ చెబుతూ దుష్యంతుని పనే చేశాను. నన్ను మన్నించు నాయనా” అన్నాను. కాసేపు నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం తీగ లోపంవల్ల వచ్చినది కాదు. “అయ్యో, అలా అనకండి మాస్టారూ” అన్నాడు ఆ అబ్బాయి. గొంతు ఎక్కడా తెగకుండా స్పష్టంగా వినబడింది.

ఆ రోజు కొత్త పాఠం చెప్పలేదు. ఆ అబ్బాయిని నోటుపుస్తకం మొదటి నుండి చదవమన్నాను. చుక్కలు వచ్చినచోట ఆగేవాడు. ఆ ఖాళీని తాడేపల్లిగూడెం అమ్మాయి పుస్తకమో, మరొకరి జ్ఞాపకమో పూరించేది. ఎవరికీ దొరకనిచోట నేను చెప్పేవాడిని. చదువుతూ చదువుతూ అతడు ఒక సందేహం అడిగాడు. నా అలవాటు ప్రకారం మధ్యలోనే జవాబు అందుకోబోయి, ఆగాను. అతడు ప్రశ్న పూర్తి చేసేదాకా విన్నాను. అది నేను అనుకొన్న ప్రశ్న కాదు.

విద్యార్థులారా! మీరు ఏ శాస్త్రం చదివినా, ఏ వృత్తిలో ప్రవేశించినా, లోపాలను వెదకి సరిదిద్దవలసిన అవసరం రోజూ కలుగుతుంది. ఆ వెదకడం ఎదుటివారి ఇంటి నుండి కాక మన చేను మడవ దగ్గర నుండి మొదలుపెట్టండి. ఎవరైనా “మీ మాట తెగిపోతోందండి” అంటే, వారిని శంకించే ముందు ఒక్కసారి మన వీధిగుమ్మపు లెక్కలు చూసుకోవడం మంచిది.

ఆ అబ్బాయి నోటుపుస్తకపు పుటల ఛాయాచిత్రాలు నేటికీ నా కంప్యూటరులో తాళపత్ర ప్రతుల పక్కనే ఉన్నాయి. చుక్కలు పూరించిన తరువాతి ప్రతిని కూడా అతడు పంపాడు. నేను మాత్రం చుక్కలున్న మొదటి ప్రతినే భద్రంగా దాచుకున్నాను.